కూర్చుని తీయగలిగిన పిస్తోలు

పిస్తోలు మోసే ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను కలిస్తే మొదట అడిగేది ఒక్కటే. "ఆంటీ, ఏది బెస్ట్?" చీరల కొట్టులో అడిగినట్టు అడుగుతారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరి చేతికి, ఎవరి నడుముకి, ఏ కుర్చీలో కూర్చునే మనిషికి అన్నది ఎవరూ అడగరు. ఆ ప్రశ్నకు నాకు జవాబు దొరికిన తీరు చెబితే మీకు పనికొస్తుందని రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. అవి ఎవరికీ అక్కరలేదు, నాకైతే అసలే అక్కరలేదు.

నా పేరు సింహాచలం. మలేషియాలో కొబ్బరి తోటల్లో పనికి వెళ్ళిన శ్రీకాకుళం వాళ్ళ మనవరాలిని. పని వెతుక్కుంటూ దక్షిణానికి దిగి సింగపూర్ చేరాను. హౌగాంగ్ ఫ్లాట్‌లో అమ్మా, నేనూ ఉండేవాళ్ళం. మాది ప్రభుత్వ అనుమతితో ఆయుధం ధరించే, పోలీసు అధికారం కూడా ఉన్న ప్రైవేటు రక్షణ దళం. ఈ దేశంలో మామూలు మనిషి తుపాకి ముట్టుకుంటే కటకటాలే. మేము మాత్రం పొద్దున ఆయుధాగారంలో సంతకం పెట్టి తీసుకునేవాళ్ళం, డ్యూటీ దిగగానే తుడిచి అప్పగించేవాళ్ళం. ఇంటికి తీసుకెళ్ళే మాటే లేదు.

యూనిఫాం విప్పమన్నారు

మొదట్లో మాకు యూనిఫాం, నడుముకి అందరికీ కనిపించేలా పెద్ద రివాల్వర్ ఉండేవి. అది కనిపించడమే దాని పని. దాన్ని చూసి దొంగ వెనక్కి తిరిగితే ఆ రోజు జీతానికి న్యాయం జరిగినట్టే.

తరువాత కంప్యూటర్ల ఊపు వచ్చింది. రాఫెల్స్ ప్లేస్ ఆఫీసు మేడల్లో ఏ అంతస్తులో లిఫ్ట్ ఆగినా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. నిన్నటిదాకా ఎవరికీ తెలియని కుర్రాళ్ళకి అద్దాల గదులు, వాళ్ళ గోదాముల్లో బంగారం కన్నా తేలిగ్గా దొంగిలించగలిగిన మెమరీ చిప్‌లు. వాళ్ళకి కాపలా కావాలి, కానీ కాపలా ఉన్నట్టు కనపడకూడదు. పెట్టుబడి పెట్టడానికి వచ్చిన పెద్దమనుషులు గుమ్మం దగ్గర తుపాకి చూస్తే బెదిరిపోతారట. అందుకని మమ్మల్ని మామూలు బట్టల్లో పంపమన్నారు. రివాల్వర్ ఆ బట్టల కింద దాగదు. చిన్న సెమీ ఆటోమేటిక్ పిస్తోలు కొనాలని నిర్ణయమైంది.

సరిగ్గా అప్పుడే కిశోర్ గారి పని నా మీద పడింది. ఆయనది గుంటూరు వైపు. చిప్‌ల వ్యాపారం, రాఫెల్స్ ప్లేస్‌లో ఆఫీసు, సెంగ్‌కాంగ్‌లో కొత్త ఫ్లాట్, భార్య, చంటిపిల్ల. ఆయన గోదాములో దొంగతనం జరిగిన రోజు ముఠా నాయకుడి ముఖం చూసినవాడు ఆయనొక్కడే. కోర్టులో సాక్ష్యం చెబుతానని ఒప్పుకున్నాడు. ఆ మర్నాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "కోర్టుకి వస్తే మీ పాప తండ్రి లేకుండా పెరుగుతుంది" అని. ఆయన సాక్ష్యం చెప్పేదాకా నీడలా వెంట ఉండే మనిషి కావాలి. తెలుగు వచ్చినవాళ్ళు అయితే చుట్టాల్లా కలిసిపోతారని ఆయనే అడిగాడట. మా దళంలో మామూలు బట్టల పనికి తగిన తెలుగు మనిషిని నేనే.

ఆ ముఠావాళ్ళ దగ్గర తుపాకులుండవు. పరాంగ్ అనే పొడుగాటి కొబ్బరి కత్తి ఉంటుంది. కొబ్బరి తోటల్లో పుట్టినదాన్ని, ఆ కత్తి ఏం చేయగలదో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

బల్ల మీద అందం

మా పై అధికారి లిమ్ సార్. సైన్యంలో చేసి వచ్చిన మనిషి, బొద్దుగా ఉంటాడు, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆయన మూడు పిస్తోళ్ళు తెప్పించి బల్ల మీద వరసగా పెట్టాడు. ఒకటి పెద్దది, ఒకటి మధ్యరకం, ఒకటి అరచేతిలో దాగిపోయేంత చిన్నది, తళతళలాడుతోంది. దాన్ని నా వైపు తోశాడు.

"స్మాల్ లేడీ, స్మాల్ గన్. మ్యాచింగ్ లా!"

మాట చివర "లా" తగిలించడం ఈ ఊరి అలవాటు. ఆఫీసులో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

పిల్లలూ, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. చిన్న పిస్తోలు చిన్న చేతికి సుళువు అనుకోవడం శుద్ధ అబద్ధం. చిన్నదానిలో స్ప్రింగు బిగువుగా ఉంటుంది, పైన స్లైడ్ అనే కప్పుని వెనక్కి లాగి తూటా ఎక్కించడానికి ఎక్కువ బలం కావాలి. బరువు తక్కువ కాబట్టి పేల్చగానే చేతిలో ఎగిరిపడుతుంది. పిడి పొట్టిది, చిటికెన వేలికి చోటుండదు, గాలిలో వేలాడుతుంది. రేంజ్‌లో దానితో కాల్చి చూశాను. మొదటి తూటా బాగానే వెళ్ళింది. రెండోది ఎక్కడికి వెళ్ళిందో ఆ సింహాద్రప్పన్నకే తెలియాలి. పైన పటారం, లోన లొటారం.

పెద్దది వెన్నలా పేలింది. కానీ దాన్ని నడుముకి కట్టి జాకెట్ వేసుకుని అద్దంలో చూసుకుంటే వీపు పక్కన కొమ్ము మొలిచినట్టుంది. ఇక్కడ కొత్తవాళ్ళందరూ పొరపడతారు, గొట్టం పొడుగు తగ్గిస్తే దాగుతుందనుకుంటారు. గొట్టం ప్యాంటులోకి దిగిపోతుంది, ఎంత పొడుగైనా ఎవరికీ కనపడదు. బయటికి పొడుచుకొచ్చేది పిడి. తీరా చూస్తే చెయ్యి పట్టుకునేది కూడా పిడినే. దాచడానికి అది పొట్టిగా ఉండాలి, పట్టడానికి పొడుగ్గా ఉండాలి. ఈ తగువు తీర్చడమే పిస్తోలు ఎంచుకోవడం. మిగిలిందంతా దుకాణదారుడి కబుర్లు.

నా మనసు మధ్యరకం మీద ఉంది. లిమ్ సార్‌కి చెప్పాను. ఆయన చిన్నదాన్ని వదలలేదు.

"నడుముకి ఎందుకు? లేడీస్ కదా, హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకో లా."

"సార్, మీరు ఈ ఊళ్ళో పుట్టారా లేదా? హాకర్ సెంటర్‌కి వెళ్ళి సీటు చోప్ చేయడానికి ఆడవాళ్ళు ముందు ఏం పెడతారు?"

ఆయన కళ్ళు చికిలించాడు. ఈ ఊళ్ళో తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్‌కి భోజనానికి వెళితే ముందు బల్ల మీద ఏదో ఒకటి పడేసి సీటు ఆపుకుని, తరువాత తిండి కోసం వరసలో నిలబడతాం. కొందరు టిష్యూ ప్యాకెట్ పెడతారు, కొందరు నిశ్చింతగా బ్యాగే పెట్టేసి పోతారు. అలవాటు మెదడుని అడగదు. ఏదో ఒక రోజు తూటాలు నింపిన పిస్తోలు పెట్టి సీటు ఆపుకునే గొప్ప పని నా చేతుల మీదుగా జరిగిపోతుంది. ఆయుధం ఒంటి మీదే ఉండాలి, సంచిలో కాదు. దీని మీద నాతో ఎవరూ వాదించొద్దు.

అప్పారావన్న కోడికూర

అదే వారంలో ఇంకోటి జరిగింది. అప్పారావన్న మా దళంలో సీనియర్, మా తోటల వైపు మనిషే. గురి అంటే అతనిదే. ఆ రోజు క్యాంటీన్‌లో అన్నం, కోడికూర పెట్టారు. మనవాళ్ళం, చేత్తో కలుపుకుని తింటేనే తిన్నట్టు. అన్న తృప్తిగా తిన్నాడు, చేతులు టిష్యూతో తుడుచుకున్నాడు. కుళాయి దగ్గర వరస పెద్దగా ఉంది. అంతలో లిమ్ సార్ ఈల వేశాడు, చెప్పాపెట్టకుండా రేంజ్‌లో పరీక్ష.

అన్న మధ్యరకం పిస్తోలు అందుకున్నాడు. పిడి అరచేతిలో జారింది. సరిచేసుకుని స్లైడ్ లాగబోతే కూర నూనెకి వేళ్ళు సర్రుమని జారిపోయాయి. ఇంకోసారి లాగాడు. ఇంకోసారి జారింది. దళం మొత్తం పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఏటన్నా, కోడి ఇంకా వదల్లేదా?" అన్నాను నేనూ.

"నవ్వే, నవ్వు. నువ్వు తిన్నప్పుడు తెలుస్తాది" అన్నాడు అన్న, చెయ్యి ప్యాంటుకి రుద్దుకుంటూ.

ఆ మాట బస్సులో ఇంటిదాకా నా వెంట వచ్చింది. కత్తి పట్టుకొచ్చినవాడు నేను చెయ్యి కడుక్కునేదాకా ఆగుతాడా? మనం తినే చెయ్యీ అదే, పిస్తోలు తీసే చెయ్యీ అదే. చీనావాళ్ళు చాప్‌స్టిక్స్‌తో తింటారు, వాళ్ళకి ఈ చిక్కు తట్టదు. ఏ పిస్తోలు పుస్తకం రాసినవాడికీ తట్టదు. ఆ సాయంత్రం నుంచి స్పూన్ ఎడమ చేత్తో పట్టుకుని తినడం మొదలుపెట్టాను. డ్యూటీలో ఒక అలవాటు, ఇంట్లో ఇంకో అలవాటు అంటే కుదరదు, అవసరం వచ్చినప్పుడు పాతదే ముందుకొస్తుంది. అందుకని ఇంట్లోనూ అంతే.

అమ్మ కంచం ముందు కూలబడిపోయింది.

"ఎడం చేత్తో తింతావేటే? నలుగురూ నవ్వరా? నీకేటి పట్టిందే?"

"ఉద్యోగం పట్టిందమ్మా."

"మీ తాత కత్తితో కొబ్బరికాయలు కొట్టీవోడు. ఆయన కుడిచేత్తో తిన్లేదా?"

అమ్మ తప్పేమీ అనలేదు. ఎడమ చేత్తో అన్నం తినడం ఎంత ఎబ్బెట్టో నాకూ తెలుసు. ముద్ద కలుపుకోకుండా తింటే పప్పుకి పప్పు రుచే ఉండదు. అయినా మానలేదు.

క్యాంటీన్ స్టూల్ మీద పరీక్ష

వారం చివర లిమ్ సార్ చిన్న పిస్తోలుకే ఆర్డర్ రాయబోతున్నాడని తెలిసింది. తిన్నగా ఆయన గదిలోకి వెళ్ళాను.

"ఆ పిస్తోలుతో నేను కిశోర్ గారి వెంట వెళ్ళను సార్."

"వెళ్ళకపోతే గేటు దగ్గర కూర్చో. విజిటర్లకి బ్యాడ్జీలు ఇచ్చుకో."

"కూర్చుంటాను. ముందు మీరొకసారి క్యాంటీన్‌లో కూర్చోండి."

నాకు భయం లేదంటే అబద్ధం. గేటు దగ్గరికి పంపితే మామూలు బట్టల పని మళ్ళీ ఏ ఆడమనిషికీ ఇవ్వరని నాకు తెలుసు. అంతకన్నా ముఖ్యంగా, నా బదులు ఎవరు వెళ్ళినా ఆ మెరుపుల బొమ్మనే పట్టుకుని వెళతారు. చంటిపిల్ల తండ్రి ప్రాణం దాని మీద ఆధారపడి ఉంటుంది. ఆరునూరైనా వెనక్కి తగ్గకూడదనుకున్నాను.

లిమ్ సార్ వచ్చాడు. రోషం ఉన్న మనిషి, రమ్మంటే రాకుండా ఉండలేడు. మా క్యాంటీన్‌లో హాకర్ సెంటర్‌లో లాగే బల్లా, గుండ్రటి స్టూళ్ళూ నేలకి బిగించి ఉంటాయి, ముందుకీ వెనక్కీ జరగవు. చిన్న పిస్తోలు ఖాళీ చేసి, ఖాళీ అయిందని అప్పారావన్నకి చూపించి, నడుము ఒరలో పెట్టుకోమన్నాను. ముందు చికెన్ రైస్ ప్లేటు పెట్టాను. కాలు ముక్క చేత్తో పట్టుకుని తినమన్నాను. ఆయనకి అది ఇష్టమని అందరికీ తెలుసు. మధ్యలో నేను బల్ల మీద చరుస్తాను, చరవగానే తీయాలి.

చరిచాను.

ఆయన మోచెయ్యి బల్ల అంచుకి కొట్టుకుంది. పొట్టకీ బల్లకీ మధ్య చొక్కా ఇరుక్కుపోయింది. దాన్ని పీకి పిడి పట్టుకునేసరికి నూనె చేతిలో ఆ పొట్టి పిడి పట్టుకి దొరకలేదు. పిస్తోలు జారి ప్లేటులో, అన్నం మధ్యలో పడింది. ముంజేతి కంకణానికి అద్దమెందుకు అంటారు కదా.

ఆయన ముఖం మిరపపండైంది. లేచి వెళ్ళిపోయాడు. నా పని అయిపోయింది, రేపు గేటే అనుకున్నాను.

మర్నాడు అదే బల్ల మీద మధ్యరకం పిస్తోలు ఉంది. పక్కన లిమ్ సార్, చేతిలో చికెన్ రైస్ ప్లేటు.

"నౌ యూ సిట్."

కూర్చున్నాను, కానీ బల్లకి ఎదురుగా కాదు. చివరి స్టూల్ మీద, మోకాళ్ళు బయటికి పెట్టి పక్కవాటంగా. ఒర నడుము ముందు వైపు, కుడి తుంటి ఎముక దగ్గర. స్పూన్ ఎడమ చేతిలో. ఆయన బల్ల చరిచాడు. కుడి బొటనవేలితో బ్లౌజ్ అంచు లేపి, అదే చేత్తో పిస్తోలు బయటికి తీశాను. చిటికెన వేలు పిడి మీదే ఉంది. ట్రిగ్గర్ మీద వేలు వేయలేదు, అది మొదటి నియమం.

"ఆర్డర్ దిస్ వన్," అన్నాడు గుమాస్తాతో. తరువాత నా ప్లేటులో కాలు ముక్క తీసుకుని తినేశాడు. నా అనుభవంలో పొరపాటు పడని అధికారిని చూడలేదు. ప్లేటులో పడిన పిస్తోలుని చూసి మనసు మార్చుకున్న అధికారి మాత్రం ఆయనొక్కడే. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

హౌగాంగ్‌లో

తరువాత రోజులన్నీ కిశోర్ గారితోనే. రాఫెల్స్ ప్లేస్‌లో నాకు సులువు. ఏసీ చలికి ఆఫీసు ఆడవాళ్ళందరూ స్వెట్టర్లు వేసుకుంటారు, నా స్వెట్టర్ కింద ఏముందో ఎవరూ ఆలోచించరు. మగవాళ్ళే పాపం, చొక్కా బయటికి వదిలితే ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు దొరికిపోతారు. బయట ఎండలో స్వెట్టర్ వేసుకుంటే మళ్ళీ నేనే దొరికిపోతాను, అక్కడ వదులు బాటిక్ జుబ్బా. చెమట మాత్రం ఎక్కడైనా ఒకటే. ఈ గాలికి ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది. రోజూ తుడవనివాడికి ఏ పిస్తోలూ మంచిది కాదు.

కిశోర్ గారికి నా స్పూన్ అంటే వేళాకోళం.

"ఏందక్కా ఇది, తెలుగోళ్ళయ్యుండి పప్పన్నం ఎడమ చేత్తో, స్పూన్‌తోనా? మా అమ్మ చూస్తే గుండె ఆగుద్ది."

"మీ గుండె ఆడాలనే సార్ ఇదంతా."

సాక్ష్యానికి ముందు రోజు మధ్యాహ్నం. ఆయనకి మాంసం కూర తినాలనిపించింది. వద్దన్నాను. "రేపు ఏమౌద్దో ఎవరికి తెలుసక్కా" అన్నాడు. ఆ గొంతులో భయం విని కాదనలేకపోయాను. హౌగాంగ్‌లో నాకు బాగా తెలిసిన హాకర్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. స్తంభం పక్కన చివరి బల్ల ఎంచుకున్నాను. కూర్చునే చోటు ఎంచుకోవడం పిస్తోలు ఎంచుకోవడంలో సగం పని.

ఆయన చేత్తో కలుపుకుని తింటున్నాడు. అప్పుడు ఒకడు లోపలికి వచ్చాడు. చంకలో చుట్టిన వార్తాపత్రిక. మకాన్ కోసం, అంటే తిండికి, వచ్చినవాడు ఎవడైనా ముందు స్టాళ్ళ వైపు చూస్తాడు, ఏ వరస చిన్నదా అని. వాడు ఒక్క స్టాల్ వైపు కూడా చూడలేదు. పత్రిక చుట్ట వంగడం లేదు. తిన్నగా మా బల్ల వైపే వస్తున్నాడు.

స్పూన్ వదిలేసి ఎడమ చేత్తో కిశోర్ గారి మెడ పట్టుకుని బల్ల కిందికి వంచాను. వాడు పత్రిక లాగి పారేశాడు. పరాంగ్ మెరిసింది. అప్పటికే నా కుడి చెయ్యి ముందుకు చాచి ఉంది. నేనింకా స్టూల్ మీదే కూర్చుని ఉన్నాను. లేచే వ్యవధి లేదు.

"పోలీస్! జంగన్ గెరాక్! పడెయ్!"

కదలకు అని మలయ్‌లో, పడెయ్ అని తెలుగులో, మూడు భాషలు కలిసిపోయి వచ్చాయి. వాడు ఆగాడు. వాడి వెనక అన్నం తింటున్న జనం, ఒక ముసలాయన కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే బిగుసుకుపోయాడు. కాల్చాల్సి వస్తే తూటా ఎవరికి తగులుతుందో నాకు కనిపిస్తూనే ఉంది. దేవుడా, వీడు ఇంకో అడుగు వేయకూడదు అనుకున్నాను. నా పట్టు జారలేదు. వాడు నా కళ్ళలోకి చూశాడు, తరువాత పిస్తోలు వైపు చూశాడు. కత్తి నేల మీద పడి ఖంగుమంది.

పోలీసులొచ్చి వాణ్ణి తీసుకెళ్ళాక పిస్తోలు ఒరలో పెట్టాను. కిశోర్ గారు బల్ల కింద నుంచి లేచాడు, చొక్కా నిండా కూర. తన కుడి చేతిని చూసుకున్నాడు, నూనె, మెతుకులు. నా కుడి చేతిని చూశాడు. ఆ తరువాత ఎప్పుడూ నా స్పూన్ మీద వేళాకోళం ఆడలేదు. మర్నాడు కోర్టులో నాయకుణ్ణి వేలెత్తి చూపించాడు, గొంతు తడబడకుండా. ముఠా మొత్తం లోపలికి వెళ్ళింది.

తిరిగి అప్పగించాక

ఉద్యోగం మొత్తంలో నేను మనిషి మీదికి పిస్తోలు తీసింది ఆ ఒక్కసారే. కాబట్టి ఏది బెస్ట్ అని నన్నడిగితే నా జవాబు ఒక్కటే. మీరు నిలబడి కాల్చినప్పుడు బాగున్నది కాదు. మీరు తినే చోట, కూర్చునే స్టూల్ మీద, వేసుకునే బట్టల్లోంచి, మీ చేత్తో తీయగలిగినది. అలా పరీక్షించకుండా ఎవరు ఇచ్చినా తీసుకోవద్దు. గేటు దగ్గర కూర్చోబెడతామంటే కూర్చోండి.

రిటైరైన రోజు ఆయుధాగారంలో ఆఖరిసారి పిస్తోలు తుడిచి అప్పగించాను. కిశోర్ గారు జుట్టు నెరిసిన మనిషి ఇప్పుడు. తనే వచ్చి సెంగ్‌కాంగ్ ఇంటికి భోజనానికి తీసుకెళ్ళాడు. ఆయన భార్య విస్తరి వేసింది. అలవాటుగా నా ఎడమ చెయ్యి స్పూన్ కోసం వెతికింది. పక్కన స్పూన్ లేదు.

"అక్కా, ఇవాళ చేత్తో తిను" అన్నాడు కిశోర్ గారు.

కుడి చేత్తో పప్పన్నం కలిపాను, నెయ్యి వేసి. వేళ్ళకి వేడి తగిలింది. అమ్మ పోయి చాలాకాలమైంది, ఉంటే ఎంత సంతోషించేదో. మొదటి ముద్ద నోటిదాకా ఎత్తాను.

వంటింట్లో ధడేలుమని చప్పుడు. ఒక్కసారిగా నా కుడి చెయ్యి ముద్ద వదిలేసి నడుము మీదికి వెళ్ళిపోయింది. పప్పు, నెయ్యి, మెతుకులు కొత్త జుబ్బా మీద.

"సారీ ఆంటీ! ప్లేట్ మాత్రమే లా!" అంటూ బయటికి వచ్చింది ఆ రోజుల్లో చంటిపిల్లగా ఉన్న అమ్మాయి, ఇప్పుడు తండ్రి భుజం దాటి ఎదిగింది. నా నడుము దగ్గర చెయ్యీ, తండ్రి ముఖమూ చూసి అక్కడే ఆగిపోయింది.

నడుము దగ్గర ఏమీ లేదు. ఉండాల్సిన అవసరం కూడా లేదు. తండ్రి పక్కన నిలబడిన ఆ పిల్లని చూస్తూ, కళ్ళు తుడుచుకోకుండానే, అదే చేత్తో ఇంకో ముద్ద కలుపుకున్నాను.